యువ వాలీబాల్ జట్టుకు ఏ పరీక్షలు పెట్టాలి, ఏ వార్మప్ చేయించాలి

పోటీల్లో ఆడే పిల్లలకు శారీరక పరీక్షలు పెట్టాలనుకున్న కోచ్ ముందు చాంతాడంత జాబితా ఉంటుంది. నిలబడి ఎగరడం, అడుగులు వేసి ఎగరడం, బల్ల మీద నుంచి దూకి ఎగరడం, శంకువుల మధ్య పరుగు, బీప్ శబ్దానికి పరుగు, మెడిసిన్ బాల్ (బరువైన బంతి) విసరడం, కూర్చుని కాలివేళ్లు అందుకోవడం, చర్మం మడత పట్టి కొవ్వు కొలవడం. అన్నీ పెడితే వారం ప్రాక్టీసు వాటికే పోతుంది. వచ్చిన అంకెలు చాలా జట్లలో నోటు పుస్తకం దాటి బయటికి రావు.

వడపోతకు నేను వాడే ప్రశ్న ఒకటే. ఫలితం ఎలా వచ్చినా వచ్చే వారం ప్రాక్టీసులో ఏమీ మారదనుకుంటే ఆ పరీక్ష పెట్టి ఏం లాభం? వార్మప్‌ను కూడా ఇలాగే నిలదీయవచ్చు. దాని వల్ల మొదటి జంప్ మెరుగవుతుందా, గాయం ముప్పు తగ్గుతుందా? రెండూ కాకపోతే అది అలవాటుగా సాగుతున్న తంతు.

ఎంపికకు ముందు ఆట స్వభావం గుర్తు చేసుకోవాలి. కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. ఒక జట్టుకు దక్కేది 9 మీటర్ల చదరం, అందులో ఆరుగురు. ఎక్కువ ర్యాలీలు (సర్వీసు నుంచి పాయింటు తేలేదాకా సాగే ఆట) పది సెకన్లలోపే తేలిపోతాయి, తర్వాత అంతకంటే ఎక్కువ సేపు ఊపిరి తీసుకునే వీలుంటుంది. అంటే ఈ ఆట ఒంటిని అడిగేవి ప్రధానంగా నాలుగు: పదేపదే ఎగరడం, భద్రంగా దిగడం, రెండు మూడు అడుగుల్లో దిశ మార్చడం, తల మీదుగా చేతిని వేగంగా విసరడం. వీటికి దగ్గరగా ఉన్న పరీక్షలకే ముందు చోటివ్వాలి.

ఎగిరే ఎత్తు: దేనితో కొలవాలి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. పొరపాట్లు ఎక్కువగా దొర్లేదీ ఇక్కడే.

అన్నిటికంటే పాతది గోడ, సుద్ద పద్ధతి. డడ్లీ సార్జెంట్ 1921లో వ్యాసం రాసినప్పటి నుంచి నిలువు జంప్ పరీక్ష ఆయన పేరుతోనే చలామణిలో ఉంది. వేళ్లకు సుద్ద పూసుకుని, గోడ పక్కన నిలబడి చెయ్యి చాచి ఒక గుర్తు, ఎగిరి మరో గుర్తు. రెంటి మధ్య దూరమే జంప్. ఖర్చు లేదు. కానీ గోడ దగ్గర పిల్లలు జంకుతారు, చేతిని పూర్తిగా ఊపరు. మొదటి గుర్తు పెట్టేటప్పుడు భుజాన్ని పూర్తిగా పైకి లేపకుండా దించి ఉంచే గడుసు పిల్లలూ ఉంటారు. అలా దించినంత మేర జంప్ కాగితం మీద పెరుగుతుంది. అడుగులు వేసి వచ్చే స్పైక్ (బంతిని నెట్ మీదుగా అవతలికి బలంగా కొట్టడం) జంప్‌ను మాత్రం గోడ దగ్గర పెట్టనే కూడదు. వేగంగా వచ్చిన ఒళ్లు ముందుకు సాగి గోడకు తగులుతుంది.

రెండోది, నిలువు స్తంభానికి అడ్డంగా ప్లాస్టిక్ రేకులు వరుసగా అమర్చిన పరికరం. ఎగిరి తాకితే రేకు పక్కకు తిరుగుతుంది. రేకుకూ రేకుకూ మధ్య సాధారణంగా 1.27 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి అంతకంటే సూక్ష్మమైన తేడా దీనికి దొరకదు. దీని గొప్పదనం వేరే ఉంది. స్పైక్‌కు వచ్చినట్టే అడుగులు వేసుకుంటూ వచ్చి ఎగరవచ్చు. పైన ఒక లక్ష్యం కనిపిస్తుంటే పిల్లలు మరింత కసిగా ఎగురుతారు కూడా. పరికరం లేని జట్టు గట్టి తాడు కట్టి, వేర్వేరు పొడవుల రిబ్బన్లు వేలాడదీసి, ఒక్కోదాని కింది అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి పెట్టుకుంటే చాలావరకు అదే పని జరుగుతుంది.

మూడోది జంప్ మ్యాట్. పాదాలు నేల విడిచి మళ్లీ తాకేదాకా గాలిలో గడిచిన సమయాన్ని అది కొలుస్తుంది. ఆ సమయాన్ని దానితోనే హెచ్చించి, 9.81తో హెచ్చించి, 8తో భాగిస్తే ఎత్తు మీటర్లలో వస్తుంది. అర సెకను గాలిలో ఉంటే 30.7 సెంటీమీటర్లు, 0.6 సెకను ఉంటే 44 సెంటీమీటర్లు. కిటుకు ఎక్కడంటే, దిగేటప్పుడు మోకాళ్లు మడిచి పైకి లాక్కుంటే పాదాలు ఆలస్యంగా నేలను తాకుతాయి, మ్యాట్ దాన్ని ఎత్తుగా చూపిస్తుంది. ఇది రెండు మూడు ప్రయత్నాల్లోనే పిల్లలకు తెలిసిపోతుంది. కాళ్లు చాచి, మునివేళ్ల మీద దిగిన జంప్‌నే లెక్కలోకి తీసుకోవాలి.

నాలుగోది ఫోను. మ్యాట్ చేసే పనినే ఇదీ చేస్తుంది, పాదాలు లేచిన ఫ్రేమును, తాకిన ఫ్రేమును మనం గుర్తించాలి అంతే. అయితే సెకనుకు ఎన్ని ఫ్రేములు తీస్తుందన్నదే అసలు విషయం. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములు ఉంటాయి. అర సెకను జంప్‌లో ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయితే ఎత్తులో నాలుగు సెంటీమీటర్ల తేడా వస్తుంది. నెలల తరబడి కష్టపడితే వచ్చే మెరుగుదల అందులో మునిగిపోవచ్చు. అదే స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీస్తే ఒక ఫ్రేము తప్పు విలువ అర సెంటీమీటరు. ఫోనును నేలకు దగ్గరగా, కదలకుండా, పాదాలు స్పష్టంగా కనిపించేలా పెడితే మ్యాట్ కొనాల్సిన అవసరం చాలా జట్లకు రాదు.

నా ఓటు దేనికంటే, నిలబడి ఎగిరే పరీక్షకు 240 ఫ్రేముల ఫోను, అడుగులు వేసి ఎగిరే పరీక్షకు రేకుల స్తంభం లేదా రిబ్బన్లు. గోడ ఆఖరి దారి. ఒకసారి ఒక పద్ధతి పట్టుకుంటే దాన్నే పట్టుకోవాలి. గోడ మీద వచ్చిన అంకెను మ్యాట్ మీద వచ్చిన అంకెతో పోల్చడం కుదరదు.

ఏ జంప్ ఏం చెబుతుంది

నడుము మీద చేతులు పెట్టుకుని ఎగిరితే కాళ్ల శక్తి ఒక్కటే బయటపడుతుంది. చేతులు ఊపితే ఎత్తు సుమారు పదో వంతు, కొందరిలో అంతకు మించి పెరుగుతుంది. చేతులు పైన పెట్టుకుని, చిన్నగా కుంగి ఎగిరేది బ్లాక్ జంప్, అంటే ప్రత్యర్థి కొట్టే బంతిని నెట్ దగ్గర అడ్డుకునేది. మూడు నాలుగు అడుగులు వేసి ఎగిరేది స్పైక్ జంప్. వీటిలో ఒక్కటే ఎంచుకోవాలంటే స్పైక్ జంప్ అనిపిస్తుంది, ఆటకు దగ్గర కాబట్టి. అయినా రెండు పెట్టమంటాను: నడుము మీద చేతులతో నిలబడి ఒకటి, అడుగులు వేసి ఒకటి. విషయమంతా ఆ రెంటి మధ్య తేడాలోనే ఉంది.

ఇద్దరు పిల్లలు నిలబడి 40 సెంటీమీటర్లు ఎగిరారనుకుందాం. అడుగులు వేసి వచ్చాక ఒకరు 44 దగ్గర ఆగిపోయారు, మరొకరు 54 దాకా వెళ్లారు. మొదటి పిల్లకు ఇప్పుడు బరువులు ఎత్తించడం కన్నా చివరి రెండు అడుగుల లయ, చేతుల ఊపు నేర్పించడం మేలు. పరుగులో కూడబెట్టిన వేగాన్ని ఆమె ఎత్తుగా మార్చుకోలేకపోతోంది. రెండో పిల్లకు ఆ విద్య ఉంది, ఇక కావాల్సింది కాళ్ల బలం. ఒకే అంకె చూసి ఇద్దరికీ ఒకే వ్యాయామం రాస్తే ఒకరికి అన్యాయం జరిగినట్టే.

పెట్టె మీద నుంచి దిగి, నేల తాకిన వెంటనే ఎగిరే పరీక్ష కూడా ఉంది. ఎగిరిన ఎత్తును నేల మీద గడిపిన సమయంతో భాగిస్తే కాలి స్ప్రింగు గుణం తెలుస్తుంది. సెకనులో పావు వంతు లోపల నేల విడిస్తే వేగవంతమైన స్పందన కింద లెక్క. మంచి పరీక్షే, కానీ దిగడం సరిగా రాని పిల్లలకు ఇది పరీక్షగా కాక దెబ్బగా మారుతుంది. మోకాళ్లు లోపలికి వాలుతున్నవాళ్లకు, మడమ నొప్పో మోకాలి చిప్ప కింద నొప్పో ఉన్నవాళ్లకు వద్దే వద్దు. పదహారు దాటి, కొన్నేళ్ల శిక్షణ ఉన్నవాళ్లకు వదిలేయండి.

ఎదిగే పిల్లల విషయంలో మరో చిక్కుంది. జనవరిలో ఒక అబ్బాయి నిలబడి చెయ్యి చాచితే 2.15 మీటర్లు అందాడు, ఎగిరి 2.70 తాకాడు, కాబట్టి జంప్ 55. జూన్‌లో 2.73 తాకాడు. పాత పుస్తకంలోని 2.15నే తీసేస్తే జంప్ 58, శిక్షణ ఫలించిందని కోచ్ మురిసిపోతాడు. కానీ ఈ ఐదు నెలల్లో చెయ్యి అందే ఎత్తు 2.18 అయింది. అంటే జంప్ అదే 55, పెరిగింది అబ్బాయి. అందుకే నిలబడి అందే ఎత్తును ప్రతిసారీ కొత్తగా కొలవాలి. ఆటలో పనికొచ్చేది తాకిన ఎత్తు, శిక్షణను బేరీజు వేయడానికి పనికొచ్చేది జంప్. రెండింటినీ వేర్వేరు గడుల్లో రాసుకోవాలి.

అమ్మాయిలు సగటున 12 ఏళ్లప్పుడు, అబ్బాయిలు 14 ఏళ్లప్పుడు అత్యంత వేగంగా పొడవు పెరుగుతారు. కొందరికి ఇది రెండేళ్లు ముందో వెనకో వస్తుంది. ఆ దశలో ఒంటి మీద పట్టు కొంత సడలడం, జంప్ కొన్నాళ్లు ఆగిపోవడం మామూలే. కాబట్టి 14 ఏళ్ల ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన పెట్టి పోల్చి, ఒకరిని జట్టు నుంచి తప్పించడం ఈ పరీక్షలతో చేయకూడని పని. మూడు నెలలకోసారి పొడవు కొలిస్తే ఎవరు ఆ దశలో ఉన్నారో తెలుస్తుంది. వాళ్లకు ఆ కాలంలో జంప్‌ల సంఖ్య తగ్గించవచ్చు. టేపు ఒక్కటి చాలిన ఈ పరీక్షను చాలామంది పరీక్షగానే లెక్కపెట్టరు.

చురుకుదనం, దమ్ము: ఇక్కడ పొదుపు చేయవచ్చు

టీ ఆకారపు పరుగు పరీక్షలో ముందుకు 9.14 మీటర్లు పరుగెత్తి, పక్కలకు జరిగి, అదే 9.14 మీటర్లు వెనక్కి పరుగెత్తాలి. మొత్తం దాదాపు 37 మీటర్లు. వాలీబాల్‌లో తొమ్మిది మీటర్లు వెనక్కి పరుగెత్తే సందర్భం ఎప్పుడు వస్తుంది? అటూ ఇటూ 4.57, 9.14, 4.57 మీటర్లు పరుగెత్తే పరీక్ష కొంత నయం. ఇంకా దగ్గరిది కావాలంటే నెట్ కింది మధ్య గీత నుంచి మూడు మీటర్ల అటాక్ గీత దాకా నాలుగుసార్లు వెళ్లి రావడం పెట్టుకోవచ్చు. గీతలు కోర్టు మీదే ఉంటాయి.

స్టాప్‌వాచ్ చేత్తో నొక్కితే మనిషి స్పందన ఆలస్యం సుమారు 0.2 సెకను. ఐదారు సెకన్ల పరుగులో అది చిన్న పొరపాటేమీ కాదు. ఇక్కడా వీడియోయే నమ్మకస్తురాలు.

బీప్ శబ్దానికి 20 మీటర్లు అటూ ఇటూ పరుగెత్తే పరీక్ష గంటకు 8.5 కిలోమీటర్లతో మొదలై నిమిషానికి అర కిలోమీటరు చొప్పున వేగం పెంచుతుంది. డెన్మార్క్‌కు చెందిన యెన్స్ బాంగ్స్‌బో రూపొందించిన యో-యో పరీక్షలో ప్రతి 40 మీటర్లకు పది సెకన్ల విరామం ఉంటుంది. ఆగి ఆగి సాగే ఆట కాబట్టి రెంటిలో యో-యోకే మొగ్గుతాను. సీజన్ మొదట్లో, ఎవరు పూర్తిగా దమ్ము తప్పి వచ్చారో తెలుసుకోవడానికి ఒక్కసారి చాలు. అందులో కొద్దిగా వెనకబడ్డ సెట్టర్‌ను (స్పైకులకు బంతి అందించే అమ్మాయిని) కోర్టు చుట్టూ పరుగెత్తించడం వల్ల ఆమె సెట్టింగ్ మెరుగుపడదు.

కొవ్వు కొలిచే పరీక్షను యువ జట్లలో పూర్తిగా వదిలేయమనే నా సలహా. దాంతో కోచ్ చేయగలిగిన మంచి దాదాపు ఏమీ లేదు, ఎదిగే పిల్లలకు తిండి విషయంలో పెట్టే భయం మాత్రం చాలా కాలం ఉంటుంది. బరువులను అందరి ముందూ చదివి వినిపించడం కూడా అంతే.

ఐదు నిమిషాల కీళ్ల పరీక్ష

కూర్చుని కాలివేళ్లు అందుకునే పరీక్ష కన్నా గోడకు మోకాలు తాకించే పరీక్ష వాలీబాల్‌కు పనికొస్తుంది. గోడకు ఎదురుగా పాదం పెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించాలి. తాకుతున్నంత వరకు పాదాన్ని వెనక్కి జరుపుతూ, చివరికి బొటనవేలికీ గోడకూ మధ్య దూరం కొలవాలి. పది సెంటీమీటర్ల దగ్గర ఉంటే మామూలుగా సరిపోతుంది. రెండు కాళ్ల మధ్య రెండు సెంటీమీటర్ల తేడా ఉంటే ఆగి చూడాలి, చాలాసార్లు ఆ వైపు పాత బెణుకు బయటపడుతుంది. చీలమండ బిగుసుకుంటే దిగేటప్పుడు అదురును మోకాలు మోయాల్సి వస్తుంది. ఈ ఆటలో హఠాత్తుగా తగిలే గాయాల్లో చీలమండ బెణుకుదే మొదటి స్థానం, అదీ ఎక్కువగా నెట్ దగ్గర బ్లాక్ చేసి ఇంకొకరి పాదం మీద దిగినప్పుడు. క్రమంగా ముదిరే నొప్పుల్లో మోకాలి చిప్ప కింది స్నాయువు, కొట్టే భుజం ముందుంటాయి.

భుజానికి వెల్లకిలా పడుకోబెట్టి, మోచేయి మడిచి, చేతిని లోపలికి, బయటికి తిప్పించి రెండు వైపులా పోల్చవచ్చు. కొట్టే చెయ్యి బయటికి కాస్త ఎక్కువ, లోపలికి కాస్త తక్కువ తిరగడం సహజం. బయటికి పెరిగిందాని కంటే లోపలికి తగ్గింది బాగా ఎక్కువైతే ఫిజియోథెరపిస్టుకు చూపించడం మంచిది. మెడిసిన్ బాల్ విసిరే పరీక్షలో చేతి పొడవు, నేర్పు కూడా కలిసిపోతాయి. సమయం మిగిలితే పెట్టండి.

వార్మప్‌లో ఏది నయం

మొదటి రకం అందరికీ తెలిసిందే. కోర్టు చుట్టూ నాలుగు చుట్లు, తర్వాత గుండ్రంగా నిలబడి ఒక్కో కండరాన్ని సాగదీసి లెక్కపెట్టడం. కదలకుండా ఒక కండరాన్ని 60 సెకన్లకు మించి సాగదీసి పట్టుకుంటే, వెంటనే చేసే జంప్ కొద్దిగా తగ్గుతుందని పరిశోధనలు పదేపదే చూపించాయి. అరనిమిషంలోపు సాగదీసి, తర్వాత చురుకైన కదలికలు చేస్తే ఆ నష్టం లెక్కలోకి రానంత తక్కువ. కాబట్టి సాగదీయడాన్ని నిషేధించాల్సిన పనేమీ లేదు. అసలు లోపం ఏమిటంటే, చుట్లతో వేడెక్కిన ఒళ్లు ఆ నిలబడి సాగదీసే సమయంలో మళ్లీ చల్లబడుతుంది.

రెండో రకం ఇయాన్ జెఫ్రీస్ ప్రతిపాదించిన నాలుగు మెట్ల పద్ధతి. ముందు ఒంటి వేడి పెంచడం, తర్వాత అవసరమైన కండరాలను మేల్కొలపడం, కీళ్లను పూర్తి పరిధిలో కదిలించడం, చివర ఆట వేగంతో కొన్ని జంప్‌లు, పరుగులు. మూడోది ఫుట్‌బాల్ కోసం తయారైన ఫిఫా 11+. ఎనిమిది నిమిషాల పరుగు, పది నిమిషాల బలం, సమతూకం, జంప్ వ్యాయామాలు, రెండు నిమిషాల వేగపు పరుగు, మొత్తం 20 నిమిషాలు. గాయాలు తగ్గించడంలో దానికి మంచి పేరుంది, కానీ భుజం దాని లెక్కలోనే లేదు. నాలుగోది, పిల్లలకు అత్యంత ప్రియమైనది: బంతి పట్టుకుని ఇద్దరిద్దరుగా కొట్టుకోవడం, ఆపై వెంటనే నెట్ దగ్గర వరుసకట్టి స్పైకులు.

రోజువారీ ప్రాక్టీసుకు నాలుగు మెట్ల చట్రాన్నే తీసుకోండి, రెండో మెట్టులో 11+ తరహా బలం, సమతూకం వ్యాయామాలు పెట్టండి: ఒంటికాలి మీద నిలబడి బంతి విసురుకోవడం, ఒంటికాలి మీద దిగి నిలదొక్కుకోవడం, తొడ వెనుక కండరాల వ్యాయామం. భుజానికి రబ్బరు బ్యాండుతో చేతిని బయటికి తిప్పే కదలిక చేర్చండి. తర్వాత బంతి: దగ్గర నుంచి విసరడం, నేలకు కొట్టడం, ఆపైనే నెట్ మీదుగా పూర్తి బలంతో. చల్లని భుజంతో మొదటి బంతినే బద్దలుకొట్టాలని చూసే అబ్బాయి ప్రతి జట్టులోనూ ఒకడుంటాడు, వాణ్ణి కనిపెట్టి ఉండాలి. మొత్తానికి 15 నుంచి 20 నిమిషాలు. వారానికి రెండే ప్రాక్టీసులున్న జట్టుకు ఈ బలం వ్యాయామాలు మరింత అవసరం, ఎందుకంటే వాళ్లకు వేరే జిమ్ సమయం ఉండదు.

మ్యాచ్ రోజున లెక్క మారుతుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం, ముందే వేరే కోర్టు దొరికిన జట్లకు నెట్ దగ్గర కలిసి ఆరు నిమిషాల అధికారిక వార్మప్ ఇస్తారు, దొరకకపోతే పది నిమిషాలు. ఆ ఆరు నిమిషాలనే వార్మప్ అనుకుంటే నష్టపోతారు. పన్నెండు మంది ఒకే వరుసలో నిలబడి నాలుగు సెకన్లకో స్పైక్ కొట్టారనుకోండి, ఒక్కొక్కరి వంతు 48 సెకన్లకు వస్తుంది. అందులో స్పైకులకు నాలుగు నిమిషాలు దక్కినా ఒక్కొక్కరికి ఐదు స్పైకులు, మిగతాదంతా నిలబడటం. మొదటి మూడు మెట్లూ కోర్టులోకి రాకముందే, నడవాలోనో బయటి స్థలంలోనో, పూర్తి చేసుకోవాలి. నెట్ దగ్గర వరుసను రెండుగా చీల్చితే వంతు త్వరగా వస్తుంది.

ఇక పరీక్షల రోజు. అన్ని పరీక్షలకూ ముందు ఒకే వార్మప్, అదే క్రమంలో, అంతే సమయం చేయించాలి. గతసారి పూర్తి వార్మప్ తర్వాత, ఈసారి చలికి వణుకుతూ ఎగిరితే ఆ రెండు అంకెలను పోల్చడం వృథా. కీళ్లు, పొడవు ముందు, తర్వాత జంప్‌లు, ఆపై చురుకుదనం, యో-యో పెడితే అన్నిటికంటే చివర. జంప్‌కు మూడు ప్రయత్నాలు, మధ్యలో కనీసం అర నిమిషం విరామం, అదే బూట్లు, అదే నేల. మొదటిసారి పెట్టేటప్పుడు అదే వారంలో రెండుసార్లు కొలవండి. రెండు రోజుల మధ్య వచ్చిన తేడా ఎంతో, అంతకు మించి పెరిగితేనే తర్వాత దాన్ని మెరుగుదల అనండి.

బెంచీ మీద కూర్చున్నవాళ్లను వార్మప్ లెక్కలో చాలామంది మరిచిపోతారు. మూడో సెట్‌లో పిలుపు వచ్చే అమ్మాయి ఒళ్లు అప్పటికి పూర్తిగా చల్లబడి ఉంటుంది. నిబంధనల ప్రకారం ఆట సాగుతుండగా వార్మప్ స్థలంలో బంతి లేకుండా కదలవచ్చు, సెట్ల మధ్య విరామంలో కోర్టు చుట్టూ ఉన్న ఖాళీ స్థలంలో బంతితోనూ చేయవచ్చు. పక్కలకు అడుగులు, రెండు మూడు బ్లాక్ జంప్‌లు, బ్యాండుతో భుజం కదలిక, ఇవన్నీ కలిపి రెండు నిమిషాలు. ప్రత్యర్థి స్కోరు 15 దాటగానే మొదలుపెట్టమని ముందే చెప్పి ఉంచితే, కోచ్ మరిచిపోయినా వాళ్లే లేస్తారు.